సైటులో ఒక మనిషి నిద్రపోవడం మానేశాడు: వలస కార్మికుల మనసు సంగతి ఎవరు చూడాలి?

నార్సింగి_సేఫ్టీ

నార్సింగి వైపు కడుతున్న ఒక అపార్టుమెంటు సముదాయంలో సేఫ్టీ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. మా దగ్గర సెంట్రింగ్, రాడ్ బెండింగ్ పనులు చేసేవారిలో చాలామంది ఝార్ఖండ్, బిహార్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో ఝార్ఖండ్ కుర్రవాడొకడు కొన్ని వారాలుగా రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. తన పళ్లెంలో అన్నం పక్కవాడికి పెట్టేస్తున్నాడు. ఫోను ఆపేసి తలకింద పెట్టుకుని రేకుల షెడ్డు కప్పు వైపు చూస్తూ పడుకుంటున్నాడు. నిన్న స్లాబు అంచున నిలబడి సేఫ్టీ బెల్టు హుక్కు తీసేసి ఉండటం నేను కళ్లారా చూశాను. అడిగితే మరిచిపోయానన్నాడు. ఇక బతికి ఏం లాభమని ఒకసారి అన్నాడని తోటివాళ్లు చెబుతున్నారు.

లేబర్ కాంట్రాక్టరు ఇవాళ సాయంత్రం రైలెక్కించి ఇంటికి పంపేద్దామంటున్నాడు. ఇక్కడ ఏదైనా జరిగితే పోలీసు కేసు తన మెడకు చుట్టుకుంటుందని అతడి భయం. నాకు మాత్రం అది సరైన పనిగా తోచడం లేదు.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. ఎత్తులో పనికి పంపే ముందు బీపీ చూస్తాం, కంటిచూపు చూస్తాం, తల తిరుగుతుందేమో పరీక్షించి పాసు ఇస్తాం. రోజూ ఉదయం టూల్‌బాక్స్ మీటింగులో హెల్మెట్టు, బూట్లు, బెల్టు పేరుపేరునా సరిచూస్తాం. రాత్రి నిద్రపోయావా అని అడిగే గడి మాత్రం మా రిజిస్టర్లో ఎక్కడా లేదు. ఇలాంటి సందర్భంలో ఎవరికి చెప్పాలో మాకు ఎవరూ నేర్పలేదు. తెలిసినవారు దయచేసి వెంటనే చెప్పండి.

ఎర్రగడ్డ_సిస్టర్

రైలెక్కించి పంపించవద్దు. ప్రాణం మీద ఆశ వదులుకున్న మనిషిని ఒంటరిగా ఒకటిన్నర రోజుల ప్రయాణానికి, అదీ జనరల్ బోగీలో తలుపు పక్కన కూర్చునే ప్రయాణానికి పంపడం కంటే ప్రమాదకరమైన పని ఇంకొకటి లేదు. మానసిక వైద్యశాలలో చాలాకాలం నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇవాళే చేయవలసినవి చెబుతాను. అతణ్ని ఎత్తు మీది పని నుంచి కిందికి దింపండి, కానీ పని మాన్పించి కూలి కోయవద్దు. స్టోరులోనో కింద మరెక్కడో పని ఇవ్వండి. సొంత ఊరివాడినెవరినైనా రాత్రి పక్కన పడుకోబెట్టండి. తర్వాత మీరో, అతడు నమ్మే మేస్త్రీయో పక్కకు తీసుకెళ్లి, చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

రేపు ఉదయం ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ ఓపీకి తీసుకెళ్లండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ఈ రాత్రికే మాట్లాడించాలంటే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, హిందీలో కూడా మాట్లాడవచ్చు.

అతణ్ని అడిగి మూడు సంగతులు తెలుసుకోండి. నిద్ర పట్టకపోవడం ఎప్పటి నుంచి? కల్లు గానీ మందు గానీ తాగే అలవాటు ఉండి ఈమధ్య మానేశాడా? ఇంటి ఫోను ఎందుకు తీయడం లేదు?

రాత్రి_కాపలా

సిస్టర్ గారు చివర్లో అడిగిన ప్రశ్నే ముఖ్యమైనదని నాకు అనిపిస్తోంది. నేను శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ సెక్యూరిటీ గార్డుగా పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నాను. మా గదిలో ఎవరైనా ఇంటి ఫోను తీయడం మానేశారంటే, పంపడానికి చేతిలో డబ్బులేదనే మేం అర్థం చేసుకుంటాం.

పాలమూరు_మట్టి

రాత్రి కాపలా అన్న అసలు విషయం దగ్గరికి వచ్చాడు. మా అమ్మానాన్నలు పాలమూరు కూలీలు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, నన్ను నానమ్మ దగ్గర వదిలేసి, కాలువలు తవ్వడానికి ఏ రాష్ట్రానికి పంపితే ఆ రాష్ట్రానికి వెళ్లినవాళ్లు. అందుకే ఆసుపత్రి, మాత్రలు, హెల్ప్‌లైన్ అనే మాటలు వినగానే నాకు కోపం వస్తుంది.

సైట్లలో ఖర్చీ పద్ధతి ఎలా నడుస్తుందో తెలియనివారి కోసం చెబుతున్నాను. కార్మికుడికి వారానికొకసారి బియ్యానికి, నూనెకు, ఫోను రీచార్జికి సరిపడా ఇంత అని చేతిలో పెడతారు. దాన్నే ఖర్చీ అంటారు. మిగిలిన కూలి అంతా కాంట్రాక్టరు డైరీలోనే ఉంటుంది. పని పూర్తయ్యాకో పండక్కి ఊరెళ్లేటప్పుడో లెక్క చూసి ఇస్తానంటాడు. ఆ లెక్కలో అడ్వాన్సు కోస్తాడు, రైలు టికెట్టు కోస్తాడు, జ్వరంతో పడుకున్న రోజులకు తిండి ఖర్చు కోస్తాడు. మధ్యలో మానేసి వెళ్తానంటే లెక్కే చూడడు. నెలల కష్టం ఇంకొకడి జేబు డైరీలో చిక్కుకుని ఉన్నప్పుడు, ఇంటి నుంచి అమ్మ ఫోను చేసి ఎంత పంపుతావు బిడ్డా అని అడిగితే ఏ మనిషికి నిద్ర పడుతుంది?

కూలి ఆపేసి కౌన్సెలింగ్ ఇప్పించడమంటే వాత పెట్టి వెన్న రాయడమే. ముందు అతడికి రావలసిన డబ్బు లెక్కగట్టి ఇప్పించండి, ఆ తర్వాత నిద్ర సంగతి మాట్లాడదాం.

ఎర్రగడ్డ_సిస్టర్

పాలమూరు తమ్ముడి కోపం న్యాయమైనదే, కానీ క్రమం తప్పు. డబ్బు ఇప్పించడానికి వారాలు పడుతుంది. అంచున బెల్టు హుక్కు తీసిన మనిషికి అంత వ్యవధి ఉందో లేదో మనకు తెలియదు. జబ్బు వచ్చిన కారణం పేదరికమైనా, వచ్చిన తర్వాత అది జబ్బే. దుమ్ములో పనిచేసి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నవాడికి దుమ్ము తగ్గేదాకా మందు ఇవ్వకుండా కూర్చుంటామా? రెండూ జరగాలి, కానీ ప్రాణం ముందు.

చిన్న_కాంట్రాక్టరు

ఇక్కడ కాంట్రాక్టరు అనగానే అందరూ రాక్షసుణ్ని ఊహించుకుంటున్నారు కాబట్టి మా వైపు నుంచి కూడా చెబుతాను. నేను ముప్పై నలభై మందితో ప్లాస్టరింగు పనులు చేయిస్తాను. పెద్ద కంపెనీ మాకు బిల్లు పాసు చేయడానికి రెండు మూడు నెలలు తీసుకుంటుంది, అందులోనూ కొంత శాతం పని నాణ్యత పేరుతో ఆపి ఉంచుకుంటుంది. ఆ లోపల ఖర్చీలు ఇవ్వడానికి నేను వడ్డీకి తెస్తాను. ఊళ్లో మనుషులను కుదిర్చే సర్దారుకు అడ్వాన్సు ఇచ్చాక సగం మంది మరో సైటుకు వెళ్లిపోయిన సందర్భాలున్నాయి. ఇంటికి పంపాలన్న ఆ కాంట్రాక్టరు ఆలోచన తప్పే, కానీ భయపడే మనిషిని భయపడేలా చేసింది పైన ఉన్నవాళ్లు కూడా.

పాలమూరు_మట్టి

మీకు బిల్లు ఆలస్యమైతే వడ్డీకి తెచ్చుకునే దారి ఉంది. కూలి ఆలస్యమైతే వాడికి ఏ దారి ఉంది? పైవాళ్ల భారాన్ని కిందివాడి నెత్తిన దించుతూ పోతే, చివరికి దాన్ని మోసేవాడు నెత్తి మీద తట్ట ఉన్నవాడే.

చిన్న_కాంట్రాక్టరు

ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే పెద్ద కంపెనీలను కూడా ఈ చర్చలోకి లాగమంటున్నాను.

నార్సింగి_సేఫ్టీ

నిన్న రాత్రి అతడితో చాలాసేపు కూర్చున్నాను. సిస్టర్ గారు చెప్పినట్లు నేరుగానే అడిగాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఏడ్చాడు. కల్లు అలవాటు లేదు. ఖైనీ మాత్రమే ఉంది.

జరిగింది వేరు. అంతకుముందు పనిచేసిన సైటులో ఇతడి ఊరివాడే ఒకడు లిఫ్టు గుంతలో పడి చనిపోయాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. శవాన్ని ఊరికి చేర్చడానికి అక్కడి కాంట్రాక్టరు అంబులెన్సు మాట్లాడి, తోడుగా ఇతణ్ని ఎక్కించాడు. డ్రైవరు, ఇతడు, వెనుక ఐసుపెట్టె. నాగపూర్ దాటి, రాయపూర్ దాటి ఊరు చేరేదాకా దారి పొడవునా పెట్టె మూత కదిలి చప్పుడవుతూనే ఉందట. ఇల్లు చేరాక, నువ్వే కదా మా బిడ్డను హైదరాబాదు తీసుకెళ్లిందని ఆ తల్లి ఇతణ్ని పట్టుకుని ఏడ్చిందట. కర్మ పూర్తవకముందే సర్దారు ఫోను చేశాడు. అడ్వాన్సు బాకీ ఉంది కనుక తిరిగి రాక తప్పలేదు. అలా నేరుగా మా సైటుకు వచ్చి మళ్లీ ఎత్తు మీదికే ఎక్కాడు. మా షెడ్డు తలుపు గాలికి కొట్టుకుంటే ఆ పెట్టె చప్పుడే వినిపిస్తోందని చెప్పాడు. ఫోను ఆపేసింది డబ్బు గురించి కాదు. ఆ తల్లి అప్పుడప్పుడూ చేస్తుందట.

రాత్రి తలుపుకు ఒక గుడ్డ చుట్టి కట్టాం. ఇవాళ స్టోరులో పని ఇచ్చాను. రేపు ఉదయం ఎర్రగడ్డకు తీసుకెళ్తున్నాను.

ఎర్రగడ్డ_సిస్టర్

తలుపుకు గుడ్డ కట్టడం మంచి ఆలోచన, బాబూ. డాక్టరుకు ఈ కథంతా చెప్పండి. నిద్ర పట్టడం లేదని మాత్రమే చెబితే నిద్రమాత్రతో పంపేసే ప్రమాదం ఉంది. చావు చూసినవాడికి ఆ దృశ్యమో చప్పుడో మళ్లీ మళ్లీ ఎదురవడం, ఉలిక్కిపడటం, దానికి సంబంధించిన మనుషులను తప్పించుకోవడం, తాను బతికినందుకు తప్పు చేసినట్లు అనిపించడం, ఇవన్నీ మానసిక వైద్యంలో బాగా తెలిసిన లక్షణాలు. దానికి చికిత్స ఉంది. మందులు ఉంటాయి, మాట్లాడే చికిత్సా ఉంటుంది. తగ్గుతుందని అతడికి గట్టిగా చెప్పండి.

మన ఊళ్లో ఇలా చావు చూసి మిగిలిపోయినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి ఆలోచించండి. 2022 మార్చి 23న బోయిగూడలో తుక్కు గోదాములో మంటలు లేచినప్పుడు పైఅంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు, కిటికీలోంచి దూకిన ఒక్కడే బతికాడు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల పరిశ్రమ పేలినప్పుడు నలభై మందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువ మంది ఇతర రాష్ట్రాలవాళ్లు. కొందరి అవశేషాలు కూడా దొరకలేదు. డీఎన్‌ఏ పరీక్షల కోసం రక్తమిచ్చి ఆసుపత్రి గుమ్మాల్లో కూర్చున్న కుటుంబాలను టీవీల్లో అందరం చూశాం. పరిహారం ఎంత, ఎప్పుడు అన్న చర్చ జరిగింది, జరగాలి కూడా. ఆ షిఫ్టులో పనిచేసి బయటపడినవాళ్లు ఇప్పుడు నిద్రపోతున్నారా అని అడిగిన గొంతు నాకు పెద్దగా వినిపించలేదు.

జగిత్యాల_మల్లేశం

అంబులెన్సు సంగతి చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. నేను దుబాయిలో చాలా ఏళ్లు తాపీపని చేసి వచ్చి ఇప్పుడు కుత్బుల్లాపూర్‌లో ఉంటున్నాను. అక్కడ మేమే వలసవాళ్లం, ఇక్కడ వాళ్లు. శంషాబాదు విమానాశ్రయంలో కార్గో గేటు దగ్గర పెట్టెల కోసం జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లవాళ్లు ఎదురుచూడటం ఇప్పటికీ ఆగలేదు.

క్యాంపుల్లో ఒక్కో గదిలో రెండు అంతస్తుల మంచాలు, ఎనిమిది మంది, పది మంది. గుండెపోటు అని రాసిన మరణాల్లో కొన్ని రాత్రంతా ఏడ్చి తెల్లవారేసరికి లేవని మనుషులవని మాకు తెలుసు. ఏజెంటుకు కట్టిన అప్పు తీరకముందే వీసా రద్దయితే, కంపెనీ వదిలేసి ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేనివాడు, అయిపోయినవాడు పోలీసు కనిపించినప్పుడల్లా దాక్కుంటాడు, జ్వరం వచ్చినా ఆసుపత్రికి పోడు. ఆ భయంతో ఏళ్లకేళ్లు బతికినవాడు ఇంటికొచ్చాక కూడా తలుపు చప్పుడైతే లేచి నిలబడతాడు. నా బావమరిది అలాగే ఉన్నాడు. పిల్లలు తండ్రిని కొత్త మనిషిని చూసినట్లు చూస్తారు. ఆ మాట ఎవరితోనూ అనలేక సాయంత్రమైతే కల్లు దుకాణానికి పోతాడు.

ఒక విషయంలో మాత్రం అక్కడి పద్ధతి ఇక్కడ రావాలి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించడం నిషేధం. చేయిస్తే కంపెనీకి జరిమానా పడుతుంది. మన దగ్గర మే నెలలో మిట్టమధ్యాహ్నం స్లాబు మీద మనుషులు కనిపిస్తూనే ఉంటారు. ఎండకు ఒళ్లు కాలినవాడి మనసు మాత్రం చల్లగా ఉంటుందా?

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల సాయం ఇస్తోంది, దరఖాస్తు కలెక్టరేటులో పెట్టాలి. ఇది తెలియని ఇల్లాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

బాలాపూర్_పాఠాలు

మల్లేశం అన్న చెప్పిన ఆ దాక్కునే భయం మా బస్తీలో ప్రతి ఇంట్లో ఉంది. బాలాపూర్ వైపు ఉన్న, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాల పిల్లలకు వారాంతాల్లో లెక్కలు, తెలుగు చెబుతాను. వలస కార్మికుడి కష్టం గురించి ఇంత మాట్లాడుతున్నాం కనుక, తిరిగి వెళ్లడానికి ఊరే లేనివాళ్ల గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి.

మయన్మార్ 1982 నాటి పౌరసత్వ చట్టంతో వీళ్లు సొంత దేశంలోనే పౌరులు కాకుండా పోయారు. 2012లో అక్కడి అరకాన్ (ఇప్పటి రఖైన్) ప్రాంతంలో హింస చెలరేగాక కొందరు, 2017లో సైన్యం ఊళ్లు తగలబెట్టాక మరికొందరు బంగ్లాదేశ్ మీదుగా వచ్చారు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు ఉంటుంది, కానీ దాన్ని చూపిస్తే ఉద్యోగం రాదు. ఆధార్ లేదు కనుక బ్యాంకు ఖాతా కష్టం, కాబట్టి కూలి చేతికి నగదుగానే రావాలి. చేసేది తుక్కు ఏరడం, మాంసం దుకాణాల్లో కోత పని, భవన నిర్మాణంలో మోత పని. యజమాని డబ్బు ఎగ్గొట్టినా ఫిర్యాదుకు వెళ్లరు. పోలీసు స్టేషను మెట్లెక్కితే తమ కాగితాలనే అడుగుతారన్న భయం.

పిల్లల దగ్గర ఈ భయం వేరే రూపంలో కనిపిస్తుంది. మా తరగతిలో తొమ్మిదేళ్ల పాప ఇల్లు బొమ్మ గీయమంటే ఎప్పుడూ రెండు తలుపులు గీస్తుంది. రెండోది ఎందుకని అడిగితే, మొదటి తలుపు దగ్గర వాళ్లు నిలబడితే ఎలా వెళ్లాలి అని నన్నే తిరిగి అడిగింది. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. మంటలు చూసింది తల్లి. ఆమెకు రోజూ తలనొప్పి, కడుపులో మంట. బస్తీ దవాఖానాలో మాత్రలు తెచ్చుకుంటుంది, తగ్గదు. తన అన్నదమ్ములు ఏమయ్యారో తెలియదని ఒక్కసారి మాత్రం చెప్పింది, అదీ బియ్యం ఏరుతూ, నా ముఖం వైపు చూడకుండా.

ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లవచ్చా, ఆధార్ లేకపోతే చూస్తారా అన్నది నా ప్రశ్న.

పిటిషన్_అక్క

కార్మికుల కేసులు చూసే న్యాయవాదిని కనుక ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నలకు చట్టం ఏమంటోందో చెబుతాను.

బాలాపూర్ చెల్లెలి ప్రశ్న ముందు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను ప్రతి వ్యక్తికీ వైద్యం పొందే హక్కు ఇచ్చింది. అందులో ఉన్న మాట వ్యక్తి, పౌరుడు కాదు. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి ఆ కార్డు ఉన్నా లేకపోయినా, నిరాశ్రయులకు కూడా, ప్రభుత్వ సంస్థల్లో ఉచితంగా చికిత్స ఇవ్వాలని అదే సెక్షను చెబుతోంది. కౌంటరులో ఆధార్ అడిగితే ఈ మాట చెప్పండి, శరణార్థి కార్డు చూపండి, వినకపోతే సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇవ్వండి.

నార్సింగి తమ్ముడూ, మీ కాంట్రాక్టరుకు పోలీసు కేసు భయం ఉందన్నారు కదా. అదే చట్టం 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్లడం వల్ల ఎవరిమీదా కేసు రాదు. తెలిసీ ఒంటరిగా రైలెక్కిస్తే మాత్రం అడిగేవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఇంకో మాట, పెద్దవాడైన మనిషి తన ఇష్టంతో తానే చికిత్సకు చేరవచ్చు. ఊరి నుంచి బంధువులు వచ్చేదాకా ఆగవలసిన పనిలేదు.

పాలమూరు తమ్ముడు అడిగిన కూలి సంగతి. కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు యజమాని చెల్లించాలన్న నిబంధన 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలోనూ కొనసాగింది. పని మానేసినవారి లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఖర్చీ పేరుతో నెలల తరబడి కూలి ఆపే హక్కు ఎవరికీ లేదు. 1996 చట్టంతో మొదలై, ఇప్పుడు ఆ కోడ్‌ల కింద కూడా ప్రతి పెద్ద కట్టడం ఖర్చులోనూ కనీసం ఒక శాతం సెస్సు వసూలవుతుంది, అది ఈ కార్మికుల సంక్షేమానికే. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ల కార్మికుడు ఏ రాష్ట్రం వాడైనా సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. సైటు యాజమాన్యం ఒక్క సంతకం పెట్టి పనిచేసిన రోజులు ధ్రువీకరిస్తే చాలు, కానీ ఆ సంతకం దగ్గరే అంతా ఆగిపోతోంది.

పాలమూరు_మట్టి

హక్కులన్నీ కాగితం మీద ఉన్నాయని మాకూ తెలుసు అక్కా. 2020 లాక్‌డౌన్‌లో, ఏప్రిల్ చివర్లో, సంగారెడ్డి వైపున్న కంది ఊరి దగ్గర నిర్మాణ కార్మికులు కూలి కోసం, ఇంటికి పంపమని రోడ్డెక్కాకే, మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు కదిలింది. వాళ్లు రోడ్డెక్కకపోయి ఉంటే ఆ రైలు అంత త్వరగా వచ్చేదా? ఒంటరిగా ఉన్నప్పుడు అది మనోవ్యాధి, నలుగురూ కలిసి అడిగితే అది డిమాండు. నా వాదన అంతా అదే.

పిటిషన్_అక్క

నలుగురూ కలిసి అడిగినప్పుడు చేతిలో చట్టం కాగితం కూడా ఉంటే ఇంకా గట్టిగా అడగవచ్చు. ఒకదానికొకటి అడ్డం కాదు.

ఇచ్ఛాపురం_వాసి

ఇప్పటిదాకా అంతా మగవాళ్ల గురించే మాట్లాడారు. నాకు ఒడియా వచ్చు కనుక నగరం చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలకు ఆసుపత్రుల్లో దుబాసీగా తోడు వెళుతుంటాను. బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి వచ్చే ఈ కుటుంబాలకు అడ్వాన్సు మనిషికి ఇవ్వరు, భార్య, భర్త, పిల్లలు కలిసిన జట్టుకు ఇస్తారు. ఇటుక లెక్కన ఆ అప్పు తీరాలి. దీపావళి తర్వాత వచ్చి వానలు మొదలయ్యే దాకా ఉంటారు.

భార్య తెల్లవారుజామున మూడింటికి లేచి మట్టి కలుపుతుంది, వంట చేస్తుంది, మళ్లీ అచ్చుల దగ్గర కూర్చుంటుంది. నిలబడితే తల తగిలే గుడిసె, మరుగుదొడ్డి లేదు. చీకటి పడేదాకా ఆపుకోవడం, అందుకోసం నీళ్లు తాగడం తగ్గించడం, దానివల్ల మూత్రంలో మంట. బిడ్డను కన్న మూడో వారానికే అచ్చుల దగ్గరికొచ్చిన ఒక పిల్లను నేను ఆసుపత్రికి తీసుకెళ్లాను. బిడ్డను ఎత్తుకోదు, పాలివ్వదు, పలకరిస్తే అటు తిరిగి పడుకుంటుంది. దయ్యం పట్టిందని అత్త వేపమండలు కొట్టించింది. అక్కడ డాక్టరు తెలుగులో అడిగారు, ఆమె అత్త ఒడియాలో జవాబిచ్చింది, ఆ పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు. అత్తను బయట కూర్చోబెట్టి నేను అడిగితే, బిడ్డ పుట్టడంతో ఇటుకలు తగ్గాయి, అప్పు పెరిగింది, అందుకే బిడ్డ ముఖం చూడలేకపోతున్నానని చెప్పింది. ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటు అన్నారు. చికిత్స మొదలయ్యాక నెమ్మదిగా కోలుకుంది.

సిస్టర్ గారికి, పాలమూరు తమ్ముడికి ఇద్దరికీ ఈ ఒక్క కేసు చూపించాలని ఉంది. మందు లేకపోతే ఆ బిడ్డ దక్కేది కాదు, అప్పు ఉన్నంతకాలం ఆ జబ్బు మళ్లీ రాకుండా ఉండదు.

రాత్రి_కాపలా

వేపమండల మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. మా పక్క సైటులో ఒకడు కల్లు మానేసిన రెండో రోజు నుంచి గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు, ఫిట్సు వచ్చాయి. అది కూడా దయ్యమే అన్నారు.

ఎర్రగడ్డ_సిస్టర్

దయ్యం కాదు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు కలుపుతారు. అలవాటుపడిన శరీరానికి అవి ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, నిద్రలేమి, లేనివి కనిపించడం, ఫిట్సు వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడూ, 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసినప్పుడూ ఇలాంటి రోగులతో ఆసుపత్రులు కిటకిటలాడాయి. రోజూ తాగేవాడు మానాలనుకుంటే డాక్టరు పర్యవేక్షణలో మోతాదు తగ్గించుకుంటూ మానాలి. ఫిట్సు వస్తే 108కి ఫోను చేయండి, మెడలో తాయెత్తు కట్టి కూర్చోవద్దు.

నార్సింగి_సేఫ్టీ

ఎర్రగడ్డ వెళ్లివచ్చాం. హిందీ తెలిసిన డాక్టరు దొరికారు, దాదాపు అరగంట అతడితో మాట్లాడారు. మందులు రాసి రెండు వారాల తర్వాత రమ్మన్నారు, ఈలోపు ఎత్తు పని వద్దని చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ చూపించాకే మా ప్రాజెక్టు మేనేజరు కింద పనికి ఒప్పుకున్నారు. తిరిగొస్తూ బస్సులో ఇవాళ కొంచెం ఆకలేస్తోందన్నాడు. భరత్‌నగర్ దగ్గర దిగి ఇద్దరం పూరీ తిన్నాం.

కాంట్రాక్టరు ఇప్పుడు పంపించేయడం గురించి మాట్లాడటం లేదు. కానీ ఆసుపత్రికి వెళ్లిన రోజు కూలి కోసేశాడు. పాత సైటులో ఆగిన కూలి, చనిపోయిన కుర్రవాడి కుటుంబానికి రావలసిన పరిహారం రెండూ అలాగే ఉన్నాయి. ఆ తల్లి ఇతడికి ఫోను చేసేది నిందించడానికి కాదట, పరిహారం గురించి ఎవరిని అడగాలో తెలియక చేసేదట. నిన్న మొదటిసారి ఫోను తీశాడు.

చిన్న_కాంట్రాక్టరు

ఆ ఒక్కరోజు కూలి కోయడం తప్పు. మీ కాంట్రాక్టరు నంబరు నాకు విడిగా పంపండి, తోటి కాంట్రాక్టరుగా నేను మాట్లాడతాను. నా మనుషులకు ఈ నెల నుంచి ఖర్చీతో పాటు లెక్క చీటీ కూడా ప్రతి పదిహేను రోజులకు ఇవ్వాలనుకుంటున్నాను. మొత్తం డబ్బు ఇవ్వలేకపోయినా, ఎంత రావాలో వాళ్ల చేతిలో కాగితం మీద ఉంటుంది.

పాలమూరు_మట్టి

ఆ చీటీ మీద మీ సంతకం కూడా పెట్టండి అన్నా. హిందీలో రాయించండి.

పిటిషన్_అక్క

నార్సింగి తమ్ముడూ, పని ప్రమాదంలో మరణిస్తే యజమాని పరిహారం ఇవ్వాలన్నది 1923 నాటి చట్టం నుంచీ ఉన్న బాధ్యత. సబ్ కాంట్రాక్టు అని చెప్పి అసలు కంపెనీ తప్పించుకోలేదు. పోస్టుమార్టం నివేదిక నకలు, ఎఫ్ఐఆర్ నంబరు, చనిపోయినతడు ఆ సైటులో పనిచేసినట్లు చూపే ఏదైనా ఒక ఆధారం కావాలి. గేటు పాసు ఫోటో అయినా, హాజరు పుస్తకం పేజీ అయినా, ఖర్చీ పంపిన ఫోన్‌పే మెసేజి అయినా సరిపోతుంది. అవి ఊళ్లో తల్లి దగ్గర ఉంటే ఫోటోలు తీసి పంపమనండి. శనివారం మధ్యాహ్నం అతణ్ని వెంటబెట్టుకుని నా ఆఫీసుకు రండి, వకాలతు ఫీజు అక్కర్లేదు. అంబులెన్సు ప్రయాణం గురించి మళ్లీ నాతో చెప్పవలసిన పనిలేదని అతడికి ముందే చెప్పండి. మీరు ఇక్కడ రాసింది నాకు చాలు.

ఇచ్ఛాపురం_వాసి

రెండు వారాల తర్వాత ఓపీకి మీకు సెలవు దొరకకపోతే నేను తీసుకెళ్తాను, నాకు హిందీ కూడా వచ్చు. బాలాపూర్ చెల్లీ, అదే రోజు మీ పాప తల్లిని కూడా తీసుకురండి. ఆవిడ మాట నాకు రాదు, కనుక మీ బస్తీలో ఉర్దూ మాట్లాడగల రోహింగ్యా ఆడమనిషినెవరినైనా తోడు తేవాలి, మగవాళ్లు వద్దు. ఓపీ చీటీలకు వరుస పొద్దున్నే పెరిగిపోతుంది, ఎనిమిదింటికల్లా గేటు దగ్గర ఉందాం.

బాలాపూర్_పాఠాలు

తీసుకొస్తాను అక్కా. పాపను కూడా వెంట తేవలసి వస్తుంది, ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు.